పెళ్ళి ముందు, ప్రేమ తర్వాత: గూడుబండ్ల కాలం నవలలు అమ్మకి చదివి వినిపిస్తున్నాను, కాస్త సాయం చేయండి

ఒమాహా_కోడలు

అందరికీ వందనాలు. మా అమ్మ నా కాన్పుకని గుంటూరు నుంచి ఇక్కడికి, అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాకి వచ్చింది. స్త్రీల సమాజం, బుధవారం ప్రార్థన కూటం, సాయంత్రం అరుగు మీద కబుర్లు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయేసరికి మనిషి డీలా పడిపోయింది. టీవీ చూడదు. అందుకని పాప పడుకున్నాక లైబ్రరీ నుంచి తెచ్చిన నవల ఒకటి అప్పటికప్పుడు తెలుగులో చెప్పుకుంటూ చదవడం మొదలుపెట్టాను. జానెట్ ఓక్ రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’. 1979 నాటిది.

కథ తెలియనివాళ్ళకి: మార్టీ అనే పిల్ల మొగుడితో గూడుబండిలో అమెరికా పడమటి బయళ్ళకి వస్తుంది. వచ్చీరాగానే మొగుడు పోతాడు. కడుపులో బిడ్డ, చేతిలో చిల్లిగవ్వ లేదు. పాతిపెట్టిన రోజే క్లార్క్ అనే రైతు వచ్చి అడుగుతాడు. అతని భార్యా పోయింది, చిన్న కూతురుంది. “నా పిల్లకి తల్లి కావాలి, నీకు తలదాచుకోను చోటు కావాలి. పాస్టరుగారు ఇవాళ వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పటికో గానీ రారు. చలికాలం పోయాక వెనక్కి వెళ్తానంటే దారిఖర్చు నాది” అన్నది అతని మాటల సారం.

అమ్మ అక్కడ ఆపించింది. “మట్టి ఇంకా ఆరలేదు కదే, అప్పుడే పెళ్ళేమిటి? ఇది క్రైస్తవ నవలేనా?”

నా దగ్గర జవాబు లేదు. నిజంగా అప్పట్లో అలా చేసుకునేవాళ్ళా, లేక రచయిత్రి కల్పనా? ఇలాంటివి ఇంకేం చదవచ్చు?

పాతపుస్తకాలు

మీ అమ్మగారికి నా వందనాలు చెప్పండి. ఈ తరహా నవలలు నేను ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను. బయట చెప్పుకోను, మా ఆఫీసులో నవ్వుతారు.

ఓక్ కెనడా మనిషి, ఆల్బర్టాలో పుట్టింది. ఆమెకి ముందు లేవని కాదు. గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ 1947లో పోయేదాకా భక్తి కలిసిన ప్రేమకథలు రాస్తూనే ఉంది. కానీ మిన్నెసోటాలోని బెతనీ హౌస్ వాళ్ళు ఓక్ పుస్తకం వేశాక, అది అమ్ముడైన తీరు చూసి మిగతా క్రైస్తవ ప్రచురణకర్తలు కళ్ళు తెరిచారు. ఇవాళ అక్కడి క్రైస్తవ పుస్తకాల షాపులో బానెట్ (గడ్డం కింద ముడేసే పాతకాలం టోపీ) పెట్టుకున్న అమ్మాయి, వెనక గోధుమ చేను ఉన్న అట్టలన్నీ ఆ దారిన వచ్చినవే.

ఇందులో ఒక కట్టుబాటు గమనించండి. పడకగది తలుపు దాకానే మనకి ప్రవేశం. “అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి” అన్న కొరింథీ పత్రిక మాట దాదాపు ప్రతి కథకీ ఇరుసు. ప్రేమ పుట్టినా సరే, విశ్వాసం కలిస్తే గానీ రచయిత్రి ముద్దు పెట్టుకోనివ్వదు. “జోడు” అన్న మాట మనకి ఇంగ్లీషు వాళ్ళకంటే బాగా తెలుసు. ఎద్దుల్ని కట్టినవాళ్ళం కదా.

అన్నట్టు, వంట రాని మార్టీ రోజూ పాన్‌కేకులే పోస్తుంది, ఆయన నోరు మెదపకుండా తింటాడు. ఆ భాగానికి వచ్చారా?

ఒమాహా_కోడలు

వచ్చాం! పాన్‌కేకులని అట్లుగా మార్చేశాను. అమ్మ నవ్వి నవ్వి, “మీ నాన్న కూడా మొదటి నెల అంతే, ఒక్క మాట అనలేదు” అంది. ఈ సంగతి నాకు ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

నల్లకోటు

వృత్తి వకీలు, కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకోండి.

కల్పన కాదమ్మా. తొందరపాటు పెళ్ళిళ్ళు నిజంగానే జరిగాయి, వాటిని చట్టం కూడా ఎగదోసింది. 1850లో అమెరికా పడమటి తీరంలోని ఆరిగన్‌కి ఒక భూమి చట్టం వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 1 నాటికి అక్కడ ఉన్న ఒంటరి మగవాడికి 320 ఎకరాలు. పెళ్ళయినవాడైతే 640. ఆ అదనపు 320 భార్య పేరు మీదే, ఆమె సొంతంగా. ఆడదాని పేర భూమి రాయడం ఆ రోజుల్లో చాలాచోట్ల ఊహకందని విషయం. వినడానికి ఎంత బాగుంది! కానీ ఫలితం ఏమైందంటే, భార్య ఉంటే భూమి రెట్టింపు కాబట్టి మగవాళ్ళు పిల్ల దొరికితే చాలని తిరిగారు. పెళ్ళీడు రాని పిల్లల్ని కూడా చేసుకున్నారు. నవలల్లో ఈ భాగం రాదు.

తర్వాతది 1862 హోంస్టెడ్ చట్టం. 160 ఎకరాలు, ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు, అయిదేళ్ళు అక్కడే కాపురముండి సాగు చేయాలి. ఇరవై ఒక్కేళ్ళు నిండిన ఒంటరి స్త్రీ అడగవచ్చు, వితంతువు అడగవచ్చు. మొగుడితో కాపురం చేస్తున్న స్త్రీకి మాత్రం విడిగా ఆ హక్కు లేదు, ఇంటి పెద్ద అతనే కాబట్టి. “నా పొలం నాకు దఖలు పడ్డాక చేసుకుందాం” అని కథానాయిక పెళ్ళి వాయిదా వేస్తే అది పొగరు కాదు, తెలివి.

మన లెక్కలో 160 ఎకరాలంటే మోతుబరి. అక్కడ అలా కాదు. నెబ్రాస్కా పడమటి కొసకి వెళ్ళేకొద్దీ వాన సరిగ్గా పడదు, 160 ఎకరాలు కుటుంబానికి చాలేది కాదు. సగం మంది దాకా అయిదేళ్ళు నిలవలేక వదిలేసి పోయారు.

ఒక నిజమైన కేసు చెప్తాను. ఎలినోర్ స్టువర్ట్ అని, 1909లో డెన్వర్ నుంచి చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని వయోమింగ్‌లోని బర్న్ట్ ఫోర్క్‌కి వెళ్ళింది, క్లైడ్ స్టువర్ట్ అనే పశువుల ఆసామి ఇంట్లో పనికి. కొన్ని వారాల్లోనే ఆయన్నే చేసుకుంది. పెళ్ళికి ముందే, ఇంకా ఒంటరిగా ఉండగానే, ఆ పక్కనే తన పేరున భూమికి అర్జీ పెట్టింది. అక్కడి నుంచి పాత యజమానురాలికి రాసిన ఉత్తరాలు 1914లో పుస్తకంగా వచ్చాయి. తమాషా ఏమిటంటే పెళ్ళి సంగతి ఆ ఉత్తరాల్లో చాలాకాలం దాచిపెట్టింది. ‘ఒంటరి స్త్రీ భూమి సంపాదించుకోగలదు’ అని చెప్పే కథలో మొగుడు అడ్డం కదా.

సండేస్కూల్_టీచర్

నల్లకోటు గారూ, బాగా చెప్పారు.

అక్కా, తర్వాత ఏం చదవాలని అడిగారు కాబట్టి ముందే హెచ్చరిస్తున్నా. ఎవరో ఒకరు ‘రిడీమింగ్ లవ్’ చదవమంటారు. ఫ్రాన్సిన్ రివర్స్ రాసింది. 1850ల కాలిఫోర్నియా, బంగారం వేటలో ఊళ్ళకి ఊళ్ళు మగవాళ్ళు. బైబిల్లో దారితప్పిన భార్య గోమెరుని మళ్ళీ తెచ్చుకున్న హోషేయ ప్రవక్త కథని అక్కడికి తీసుకెళ్ళింది. చిన్నప్పుడే అమ్ముడుపోయిన పిల్ల ఏంజెల్, ఆమెని పెళ్ళాడమని దేవుడు చెప్పాడని నమ్మే రైతు మైకేల్. మా చర్చిలో అమ్మాయిలంతా ఏడ్చుకుంటూ చదివారు. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు. కానీ అమ్మకి పక్కన కూర్చుని చదివే పుస్తకం కాదు, సిగ్గుతో చస్తారు. 1991లో అది మామూలు ప్రచురణ సంస్థ నుంచే వచ్చింది, 1997లో రచయిత్రి దిద్ది క్రైస్తవ సంస్థ నుంచి మళ్ళీ వేయించింది. దిద్దాక కూడా ఘాటే.

పాతపుస్తకాలు

ఘాటు సంగతి పక్కనపెట్టండి. నాకు మింగుడుపడనిది వేరే. ఆ పిల్ల చావుదెబ్బలు తిని స్పృహ ఉండీ లేనట్టున్నప్పుడు కదా పెళ్ళికి ఊ అంటుంది. దాన్ని సమ్మతి అనుకోమంటారా? పాత నిబంధనలో హోషేయ కథ దేవుడికీ ఇశ్రాయేలుకీ ఉపమానం. ఉపమానంలో దేవుడు వెంటపడి తెచ్చుకుంటాడు, బాగుంది. అదే పని పొలం గట్టున ఒక మగవాడు చేస్తే ఏమనాలి?

సండేస్కూల్_టీచర్

ఆమె మూడుసార్లు వెళ్ళిపోతుంది అన్నా. చివరిసారి అతను వెంట వెళ్ళడు, ఆమే తిరిగి వస్తుంది. మీరు మొదటి సగం గుర్తుపెట్టుకుని రెండో సగం మర్చిపోయారు.

పాతపుస్తకాలు

ఒప్పుకుంటాను, సగం సగం.

మన్యంవాడు

చాలాసేపటి నుంచి చదువుతున్నా, ఇక ఆగలేక రాస్తున్నా. ఎకరాలు, ఎకరాలు అంటున్నారు. ఎవరి ఎకరాలవి?

నేను భద్రాచలం వైపు ఏజెన్సీలో పెరిగినవాణ్ణి. గిరిజనుల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా తెచ్చిన 1/70 చట్టం మాకు ఎందుకొచ్చిందో చిన్నపిల్లవాణ్ణడిగినా చెప్తాడు. ‘ఖాళీ భూమి’ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ నవలల్లో ప్రెయిరీ, అంటే ఆ గడ్డి మైదానం అంతా ఖాళీగా, దేవుడు కొత్తగా ఉతికి ఆరేసినట్టు ఉంటుంది. మధ్యలో ఒక మంచి ‘ఇండియన్’ వచ్చి కథానాయకుడికి మందాకు ఇచ్చి వెళ్ళిపోతాడు.

1864 నవంబరు 29న కొలరాడోలో శాండ్ క్రీక్ దగ్గర షయన్, అరాపహో అనే మూలవాసీ తెగల గుడారాల మీద దాడి జరిగింది. 150 మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. దాడి నడిపిన కర్నల్ చివింగ్టన్ ఎవరు? మెథడిస్టు పాస్టరు. అభిషేకం పొందినవాడు. మీ నవలల్లో గుర్రమెక్కి వచ్చి పెళ్ళిళ్ళు చేసే పాస్టర్ల పక్కన ఇతనికీ ఒక పేజీ ఉండాలి కదా.

విజయవాడ_ఎక్స్‌ప్రెస్

ప్రేమకథ అడిగితే మారణకాండ చెప్తారేంటండీ. బాలింతరాలు ఆవిడ.

మన్యంవాడు

బాలింతలు శాండ్ క్రీక్‌లోనూ ఉన్నారు.

వేదిక_నిర్వాహకుడు

ఇద్దరూ ఒక్క నిమిషం. మన్యంవాడు గారి ప్రశ్న విషయానికి సంబంధించినదే, ఉండనివ్వండి. వ్యక్తిగతంగా మాత్రం వద్దు.

సండేస్కూల్_టీచర్

తమ్ముడూ, నువ్వన్నది తీసేయలేం. నేను ఒక నిజమైన పెళ్ళి సంగతి చెప్తా, నీ మాటకీ మా మాటకీ మధ్యలో ఉంటుంది.

నార్సిస్సా అనే అమ్మాయికి మిషనరీగా వెళ్ళాలని కోరిక. ఒంటరి స్త్రీని పంపడానికి మిషన్ బోర్డు సుముఖంగా లేదు. మార్కస్ విట్‌మన్ అనే డాక్టరుకీ పెళ్ళి కావాలి, బోర్డు జంటలనే కోరుకుంటోంది. ఒకరితో ఒకరు కొద్దిగా మాట్లాడుకున్నారో లేదో నిశ్చయం అయిపోయింది. 1836 ఫిబ్రవరిలో పెళ్ళి, పెళ్ళికూతురు నల్లబట్టలు కట్టుకుంది. మర్నాడే పడమటికి ప్రయాణం. రాకీ పర్వతాలు దాటిన మొదటి తెల్ల స్త్రీలు ఆమె, ఆమెతో వెళ్ళిన ఎలైజా స్పాల్డింగ్. ఇంతవరకూ అచ్చం నవలే. దారిలో రాసిన ఉత్తరాల్లో మొగుడి మీద ప్రేమ కనిపిస్తూనే ఉంటుంది.

తర్వాత? వైలట్‌పూ అనే చోట కేయూస్ అనే మూలవాసీ జనం మధ్య స్థిరపడ్డారు. ఒక్కగానొక్క పాప రెండేళ్ళకి ఏట్లో పడి పోయింది. బండ్ల మీద వలస వచ్చేవాళ్ళు ఏటేటా పెరిగారు, 1847లో వాళ్ళ వెంట తట్టు వచ్చింది. తెల్ల పిల్లలు చాలామంది కోలుకున్నారు, కేయూస్ పిల్లలు రాలిపోయారు. డాక్టరు ఆయనే. వాళ్ళకి ఏమనిపిస్తుంది? ఆ నవంబరు 29న మొదలై, భార్యాభర్తలతో కలిపి 13 మందిని చంపేశారు. 1850లో అయిదుగురు కేయూస్ మగవాళ్ళని ఉరితీశారు.

నవంబరు 29. నువ్వు చెప్పిన తేదీయే, పదిహేడేళ్ళ ముందు. రాస్తుంటేనే గమనించాను.

మన్యంవాడు

ఇలా రాస్తే నేనూ చదువుతాను అక్కా.

ఒంగోలు_గిత్త

ఆలస్యంగా వచ్చాను. ఇంతమంది ఉండి ఒక్కరూ మా ఊరి మాట ఎత్తలేదేంటి?

గుర్రమెక్కి వచ్చే పాస్టరు అంటే మెథడిస్టు సర్క్యూట్ రైడర్. ఒక్కొక్కరికి బోలెడు ఊళ్ళు. ఆయన వచ్చినప్పుడే పెళ్ళి, బాప్తిస్మం, ఎప్పుడో పోయినవాళ్ళకి సమాధి ప్రార్థన కూడా అప్పుడే. మా తాతగారి పల్లెలో పాస్టరేటుకి, అంటే కొన్ని ఊళ్ళ సంఘాలన్నిటికీ కలిపి, ఒక్క అయ్యగారే. బల్ల సంస్కారానికి (రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన) నెలకోసారి ఎడ్లబండిలో వచ్చేవారు. ఆయన వచ్చే ఆదివారం దాకా ఆగి రెండు పెళ్ళిళ్ళు కలిపి చేసిన సందర్భాలున్నాయి. క్లార్క్ తొందర మాకు వింతగా అనిపించలేదు.

రెండోది అసలు సంగతి. ఒంగోలు క్లౌ దొర తెలుసుగా? 1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగింది ఆయన మిషన్‌లోనే. ఆ దొర ఎక్కడివాడు? అయోవా సరిహద్దు పల్లెల్లో పెరిగినవాడు. కుర్రవాడిగా మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ భూసర్వే బృందంలో పనిచేశాడు. అంటే నల్లకోటు గారు చెప్పిన 160 ఎకరాల ముక్కలు, ఆ చతురస్రాలుంటాయే, అవి గొలుసు పట్టి కొలిచి రాళ్ళు పాతిన పనిలో మన ఒంగోలు దొరకీ చెయ్యి ఉంది. మన్యంవాడు అన్నా, నీ ప్రశ్న ఆయనకీ తగులుతుంది, తగలనీ. అదే సర్వే చదువుతో 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో చచ్చేవాళ్ళకి పని ఇచ్చాడు. మా ముత్తాత ఆ కాలువ మట్టి మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. రెండూ ఒకే మనిషి చేతులు.

గుంటూరు అమ్మగారికి కూడా ఒకటి. మీ లూథరన్ మిషన్ మొదలుపెట్టిన హయ్యర్ అయ్యగారు, 1842లో గుంటూరు వచ్చినాయన, ఇండియా నుంచి వెళ్ళాక 1857లో మిన్నెసోటా వెళ్ళి కొత్తగా దిగిన జర్మన్ వలసదారుల మధ్య సంఘాలు కట్టాడు. డెబ్బై అయిదు దాటాక మళ్ళీ ఇండియా వచ్చాడు.

ఒమాహా_కోడలు

గిత్త గారూ, ఇది చదివి వినిపిస్తే అమ్మ లేచి కూర్చుంది. “హయ్యర్ అయ్యగారు ఈ చలిలోనా!” అని కిటికీలోంచి బయటికి చూసింది.

చదివేటప్పుడు నాకు మాటలు భలే దొరుకుతున్నాయి. కవర్డ్ వ్యాగన్‌కి ‘గూడుబండి’ ఉండనే ఉంది. మిడతల దండు వచ్చి పైరు తినేసిన చోట నిర్గమకాండం చాలు. కానీ ఒకచోట ఆగిపోయాను. చెట్టన్నది లేని బయల్లో పొయ్యికి కట్టెలేవి? ఆడవాళ్ళు ఒళ్ళో వేసుకుని ఎండిన అడవిదున్న పేడ ఏరుకొస్తారు. ఇంగ్లీషులో అదేదో నాజూకు పేరు పెట్టారు. నేను గొణుగుతుంటే అమ్మ, “పిడకలని చెప్పవే, దానికింత సిగ్గెందుకు” అంది. ఆ పిడకల మంట ఎలా ఉంటుందో, వాన తడి తగిలితే ఎంత పొగ వస్తుందో, కళ్ళెలా మండుతాయో ఒక పావుగంట చెప్పింది. రచయిత్రి అర వాక్యంలో దాటేసిన చోట మా అమ్మ పావుగంట ఉంది.

దారిబత్తెం పట్టిక కూడా చదివాను, మనిషికి పిండి 200 పౌన్లు, ఉప్పు పట్టించిన పంది మాంసం 150. “పచ్చడి?” అని మాత్రం అడిగింది.

నల్లకోటు

ఒమాహాలో ఉండి బియాట్రిస్ వెళ్ళకపోతే ఎలా అమ్మా? రెండు గంటల లోపు ప్రయాణం. హోంస్టెడ్ చట్టం కింద మొట్టమొదట అర్జీ పెట్టినవాళ్ళలో ఒకడైన డేనియల్ ఫ్రీమన్ భూమి ఇప్పుడు జాతీయ పార్కు. చట్టం అమలైన 1863 జనవరి 1న, అర్ధరాత్రి దాటగానే పెట్టాడని చెప్తారు. అతని పెళ్ళి కథ అక్కడే అడిగి తెలుసుకోండి, నేను చెప్పను.

ఒమాహా_కోడలు

నిన్న శనివారం వెళ్ళొచ్చాం. పాపని కూడా తీసుకెళ్ళాం.

ముందు గోడ ఉంది, ఒక్కో రాష్ట్రం రేకు, అందులో ఎంత వంతు భూమి ఈ చట్టం కింద పోయిందో అంత కత్తిరించి చూపిస్తారు. నెబ్రాస్కా 45 శాతం, అన్నిటికంటే ఎక్కువ. మన్యంవాడు గారూ, అక్కడ నిలబడి మీ ప్రశ్న అమ్మకి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “మరి వాళ్ళెక్కడికి పోయారు?” అంది. లోపల కొంత రాసి ఉంది, నాకు తెలిసింది కొంత చెప్పాను. పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువే.

తర్వాత 1867లో కట్టిన దుంగల గుడిసె. పద్నాలుగు అడుగులు ఇటు, పదహారు అటు. పదిమంది పిల్లలతో ఉన్నారట అందులో. అమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ గోడ నుంచి గోడకి కొలిచింది. “ఇందులో క్లార్క్ వేరే గదిలో ఎక్కడ పడుకున్నాడే?” అని నన్ను నిలదీసింది. రచయిత్రి అతనికి పంచపాళీ కట్టించిందమ్మా, ఇది వేరే ఇల్లు అన్నాను.

ఇక ఫ్రీమన్ సంగతి. ఆగ్నెస్ అనే అమ్మాయికి అతని తమ్ముడితో నిశ్చయమైంది, ఆ అబ్బాయి సివిల్ వార్‌లో పోయాడు. ఫ్రీమన్ ఆమెకి ఉత్తరాలు రాస్తూ రాస్తూ ఉత్తరంలోనే పెళ్ళికి అడిగాడు. 1865లో చేసుకుని నెబ్రాస్కా తీసుకొచ్చాడు. అమ్మ మురిసిపోయింది. అంతలో రెండో సంగతి తెలిసింది: ముసలితనంలో ఇదే ఫ్రీమన్, బళ్ళో టీచరమ్మ బైబిలు చదివిస్తోందని కోర్టుకెక్కాడు, 1902లో నెబ్రాస్కా సుప్రీంకోర్టులో గెలిచాడు కూడా! నల్లకోటు గారూ, ఇది మీరు కావాలనే దాచారు కదూ?

నల్లకోటు

ఔను.

పాతపుస్తకాలు

ఈ మనిషి ఏ క్రైస్తవ నవల్లోనూ కథానాయకుడు కాలేడు. ఆగ్నెస్ మాత్రం అవుతుంది.

ఒమాహా_కోడలు

చివరి మాట. అమ్మ గురువారం వెళ్ళిపోతోంది. ఇప్పుడు చదువుతున్నది డకోటాలో నార్వే వాళ్ళ కథ, లారైన్ స్నెల్లింగ్‌ది, సగంలో ఉన్నాం. మిగతాది వాట్సాప్‌లో రోజుకో పావుగంట గొంతు రికార్డు చేసి పంపుతానన్నాను. శాంపిల్ చూద్దామని నిన్న ఒకటి పంపితే, ఆవిడ దాన్ని గుంటూరులో స్త్రీల సమాజం గ్రూపులో పెట్టేసింది. పొద్దున లేచేసరికి నలుగురు అత్తయ్యల నుంచి మెసేజులు. ముగ్గురు తర్వాతి భాగం ఎప్పుడని అడిగారు. నాలుగో ఆవిడ, కాడికి కట్టిన ఎద్దులకి పేర్లు పెట్టలేదేమిటి, పేర్లు లేకుండా ఎలా అదిలిస్తారు అని అడిగింది. పేర్లు చెప్పండి ఎవరైనా, రాత్రికి రికార్డు చేయాలి.